వాకిలి చెక్కే ఆచారికి పని ఎందుకు లేదు?

ప్రొద్దుటూరులో ఏ టింబర్ డిపో ముందు కాసేపు నిలబడినా ఈ మాట వినపడుతుంది. కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన టేకు దుంగలు చూస్తూ, తాతల ఇంటి వాకిలి మాదిరి ఆచారితో చెక్కించాలని ఉందంటాడు. పక్కనున్న నలుగురూ వెంటనే అందుకుంటారు. "యా కాలంలో ఉండావన్నా? మిషన్‌కు ఇస్తే పొద్దున ఇచ్చి మాపటికి తెచ్చుకోవచ్చు. ఆచారి అయితే నెలలు తిప్పుతాడు, దుడ్డు రెండింతలు. సూసేవానికి తేడా ఏం తెలుస్తాది?" జమ్మలమడుగులోనూ ఇదే మాట, పులివెందులలోనూ ఇదే మాట.

ఈ అభిప్రాయం ఎంత గట్టిపడిందంటే, ఇప్పుడు దాన్ని ఎవరూ వాదంగా కూడా చెప్పడం లేదు. అందరికీ తెలిసిన సంగతిలాగా చెబుతున్నారు. చదువుకున్నవాళ్ళు దాని మీద ఇంకో వరస పేరుస్తారు: విజయనగరం నాటి పద్ధతిలో ఈ రోజు వాకిలి చెక్కించుకోవడం ఎలాగూ నకలే, ఆ నకలును చెయ్యి చేస్తేనేం, యంత్రం చేస్తేనేం అని. నేను ఈ అభిప్రాయాన్ని మొదలంటా కాదంటున్నాను. చేతి చెక్కడం ఖరీదువల్ల పోలేదు, కాలం చెల్లీ పోలేదు, చేసేవాళ్ళు లేకా పోలేదు. ఇల్లు కట్టుకునే మనం అడగడం మానేశాం కాబట్టి పోతోంది.

ఆ మాటల వెనక పైకి చెప్పని నమ్మకం ఒకటుంది. కరువు సీమకు కొయ్య చెక్కడం ఎక్కడిది, అది కేరళవాళ్ళది, చెట్టినాడు చెట్టియార్లది అని. అందుకే నాలుగు డబ్బులున్నవాళ్ళు పడసాలకు కారైకుడి స్తంభాలు తెప్పించుకుంటున్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనకు ఇంతగా మరెక్కడా వర్తించదు. మన మిద్దెలు ఒక్కసారి తలెత్తి చూడండి. గోడ రాతిదైనా మట్టిదైనా, పైకప్పు బరువు మోసేది కొయ్యే. స్తంభం, దాని తల మీద బోదె, బోదె మీద దూలం, దూలాల మీద దంతెలు, ఆ పైన పరుపు, అన్నిటి మీదా చవుడు మట్టి. మట్టి కప్పు బరువు మామూలు బరువు కాదు, వాన పడితే ఇంకా పెరుగుతుంది. అందుకే లావాటి మాను వాడారు. లావాటి మాను ఉన్నచోట ఆచారి ఉలికి చోటు దొరికింది. అతను బోదెను రెండు పక్కలా వంచి కిందికి వేలాడే తామరమొగ్గ చేశాడు. విజయనగర కాలపు రాతి మండపాల్లో స్తంభాల తలల మీద మనం చూసే మొగ్గ అదే. ఒంటిమిట్టలో, పుష్పగిరిలో, పక్కనే తాడిపత్రిలో చెక్కిన రాళ్ళ నడుమ బతికినవాళ్ళ చేతికి ఆ వంపు కొత్తది కాదు.

జమ్మలమడుగు పాత వీధిలో ఒక మిద్దె వాకిలి ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. వేపమాను వాకిలి. పైపట్టె నడుమ గజలక్ష్మి, అటూ ఇటూ అరచేతిలో ఇమిడేంత ఏనుగులు. నిలువు పట్టెల అడుగున పూర్ణకుంభాలు, వాటి మూతుల్లోంచి లేచిన తీగలు మెలికకొక ఆకు చొప్పున పైదాకా పాకుతాయి. ఎడమవైపు తీగ మోకాలెత్తున ఒకచోట మెలిక కుదించుకొని ఉంది. వంగి చూస్తే అక్కడ మానులో ముడి. ఆచారి ఆ ముడిని తొలగించి అతుకు వెయ్యలేదు, చుట్టూ రేకులు తిప్పి దాన్నే పువ్వు చేశాడు. కుడివైపు అదే ఎత్తులో పువ్వు లేదు, చిలక ఉంది. ఆ చిలక ముక్కు కింద ఉలి లోపలికంటా పోయి మానును తొలిచింది. వేలు పెడితే గోరు దూరుతుంది. పొద్దు వాలి ఎండ పక్కనుంచి పడ్డప్పుడు ఆ సందులో నీడ నిండి, చిలక పట్టె మీదినుంచి లేచినట్టు కనబడుతుంది. తరాలుగా పసుపు పూసి, కుంకుమ పెట్టి, చేతులు తగిలి గజలక్ష్మి ముఖం నున్నగా అరిగిపోయింది. చిలక కింద నీడకు మాత్రం ఏమీ కాలేదు.

ఆ నీడ దగ్గరే యంత్రం ఆగిపోతుంది. సి.ఎన్.సి. రూటర్‌లో పలకను బల్ల మీద బిగిస్తారు. పైన గిర్రున తిరిగే బిట్ కుడిఎడమలకూ, ముందువెనకలకూ, కిందికీ పైకీ కదులుతుంది. మన ఊళ్ళ షెడ్లలో ఉండే యంత్రాల్లో ఆ బిట్ ఎప్పుడూ నిట్టనిలువుగానే ఉంటుంది, పక్కకు వాలదు. కాబట్టి పైనుంచి చూస్తే కంటికి ఆనే భాగాన్నే అది తాకగలదు. ఆకు అంచు కిందికి పోలేదు, చిలక ముక్కు వెనక్కి పోలేదు. దాని మొన గుండ్రం కాబట్టి లోపలి మూలలన్నీ మొద్దుగానే మిగులుతాయి. మాను పోగు ఎటు నడుస్తోందో దానికి తెలియదు. పోగుకు ఎదురు పోయినచోట పీచు లేస్తుంది. ఆ పీచును సాన్‌పేపర్‌తో రుద్దుతారు, రుద్దేటప్పుడు ఉన్న కాస్త అంచూ కరిగిపోతుంది. మీద రెండు చేతుల పాలిష్ పడేసరికి బొమ్మ సబ్బు మీద ముద్ర వేసినట్టు తయారవుతుంది. తలను అన్ని పక్కలకూ వాల్చగలిగే పెద్ద యంత్రాలు లేకపోలేదు. వాటి సామర్థ్యం వేరు, ఖరీదూ వేరు. డిపోలో మనకు "అదే పని" అని చూపించేది వాటి పని కాదు.

చూసేవాడికి తేడా తెలియదన్న మాట అందుకే నిజం కాదు. పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు గానీ కన్ను పసిగడుతుంది. కడప జిల్లా ఎండ నెత్తిమీదినుంచి నిలువుగా కొట్టే ఎండ. ఆ వెలుతురులో లోతు లేని చెక్కడం చదునుగా చచ్చుబడిపోతుంది. ఉలి తొలిచిన చెక్కడం ఆ ఎండలోనే నిండుగా కనబడుతుంది. ఇక్కడి ఆచార్లు లోతుగా ఎందుకు తొలిచారో తెలుసుకోవాలంటే మిట్టమధ్యాహ్నం ఆ వాకిళ్ళ ముందు నిలబడాలి.

యంత్రమే వద్దని నేను అనడం లేదు. దుంగను కోయడానికి, పట్టెను చిత్రిక పట్టడానికి, తిన్నటి గాడి తియ్యడానికి, పైపైన మాను తీసి ఆకారాన్ని దించడానికి అది మంచి పనిముట్టు. ఆచార్లే వాడుతున్నారు, వాడాలి కూడా. బాడిసతో రోజంతా చెక్కే పని కరెంటు మిషన్ గంటలో చేసిపెడితే అతని నడుముకు సుఖం. నా గొడవంతా దాని తర్వాతి పని గురించి. ఆకును ఎక్కడ తిప్పాలో, ముడిని ఏం చేయాలో, గజలక్ష్మి కనురెప్ప ఎంత వాలాలో నిర్ణయించే పనిని ఆచారి చేతిలోంచి తీసేసి, చేతి చెక్కడం, మిషన్ చెక్కడం రెండూ ఒకటేనని ఊరంతా చెప్పడం అబద్ధం.

ఆ నిర్ణయం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? షెడ్డులో పిల్లవాడు ఫోన్‌లో బొమ్మలు చూపిస్తాడు. పింఛం విప్పిన నెమలి, బాలగణపతి, ఎవరి దేశానివో తెలియని ఆకుల చుట్లు. ఆ ఫైళ్ళు ఎక్కడ ఎవరు గీశారో అతనికీ తెలియదు. ప్రొద్దుటూరులో బంగారు అంగడి యజమాని ఇంటికి ఉన్న నెమలే పులివెందులలో కాంట్రాక్టర్ ఇంటికీ ఉంటుంది, సూరత్‌లో ఒక అపార్టుమెంటుకూ ఉంటుంది. అయినా వాకిలి నిలబెట్టే రోజు మాత్రం మనం ఏ తంతూ వదలం. ముహూర్తం చూస్తాం, గడప కింద నవధాన్యాలు వేస్తాం, మామిడాకులు కడతాం, ఆచారికి కొత్త బట్టలు పెట్టి తాంబూలం ఇస్తాం. ఇంత మర్యాద చేసి ఆయనకు మనం వదిలిన పని బందులు బిగించడం. ఇది నన్ను బాధపెడుతుంది. ఆ బట్టలు అందుకునేటప్పుడు ఆయనకూ బాధగానే ఉంటుంది.

ఖరీదు సంగతికి వస్తాను. చేతి చెక్కడానికి ఎక్కువ ఖర్చవుతుందన్నది నిజం, అందులో దాపరికం లేదు. కానీ ఖర్చుకు భయపడేవాళ్ళ ఇళ్ళు అవేనా అని అడుగుతున్నాను. ఎలివేషన్‌కు రంగు రాళ్ళు అతికిస్తారు. ఏటా ఎండకు పగిలే ఫాల్స్ సీలింగ్ వేయిస్తారు. కాళ్ళ కింద నాపరాయి దొరికే జిల్లాలో రాజస్థాన్ నుంచి పాలరాయి తెప్పిస్తారు. గేటుకు లేజర్‌తో కోసిన స్టీలు రేకులు పెట్టిస్తారు. వీటిల్లో దేనికీ ఎవరూ "రెండింతలు అవుతాదే" అనరు. ఆచారి కూలి దగ్గరే అందరికీ లెక్క గుర్తొస్తుంది. పాలరాయి డబ్బు జిల్లా దాటిపోతుంది. ఆచారికి ఇచ్చిన డబ్బు అతని ఇంట్లో పొయ్యి వెలిగించి, కొడుకు చేతికి ఉలి అందిస్తుంది. మామూలు సంసారి పూర్తి వాకిలి చెక్కించుకోలేడనేది కూడా ఒప్పుకుంటాను. పాతకాలంలోనూ ప్రతి ఇంటికీ నిండా చెక్కిన వాకిలి లేదు. చిన్న ఇళ్ళ వాకిళ్ళకు పైపట్టె నడుమ ఒక్క పువ్వు ఉండేది, అది ఉలి పువ్వే.

ఇక నకలు అనే మాట. ఇది చదువుకున్నవాళ్ళ ఆయుధం, పైకి పదునుగానే కనిపిస్తుంది. అయితే వాళ్ళు మన కట్టడాల చరిత్రనే మరిచిపోయి మాట్లాడుతున్నారు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచి చేసిన గుండ్రటి బౌద్ధ చైత్యం ఉంది, రెండు వేల ఏళ్ళ పైబడినది. లోపలికి పోయి పైకప్పు చూస్తే వాసాలు కనబడతాయి. కొండరాతికి వాసాలు అక్కర్లేదు. కొయ్య గుడిసె కట్టిన చేతుల జ్ఞాపకాన్ని రాతి పనివాడు రాతిలో దించాడు. బౌద్ధ స్తూపాల చుట్టూ రాతి కంచెలు చూడండి, నిలువు రాళ్ళకు తొలికలు తీసి అడ్డరాళ్ళు దూర్చారు. అది వడ్రంగి పద్ధతి. హంపి విఠలాలయం మండపం చూరు కింద రాతిలో చెక్కిన దంతెలు వరసగా ఉంటాయి. ఆ మండపాలను చూసిన ఆచారి మళ్ళీ ఆ మొగ్గలనూ లతలనూ కొయ్యలోకి తెచ్చుకొని మన మిద్దె బోదె మీద పెట్టాడు. కొయ్య నుంచి రాతికి, రాతి నుంచి కొయ్యకు, గుడి నుంచి ఇంటికి ఇలా తిరిగిందే మన శైలి. వీళ్ళ లెక్కన ఇదంతా నకలే అయితే, మన దేశంలో నకలు కాని గుడి ఒక్కటీ ఉండదు.

నకలుకూ వారసత్వానికీ తేడా ఎక్కడుందంటే, చేసేవాడు ఆ శైలి లోపలినుంచి నిర్ణయాలు తీసుకోగలడా లేదా అన్నచోట ఉంది. ముడి దగ్గర పువ్వు చేసిన ఆచారి ఏ వాకిలినీ మక్కికి మక్కి దించలేదు. తీగ ఎలా నడవాలో అతనికి తెలుసు కాబట్టి దారికి అడ్డం వచ్చినదాన్ని తీగలో కలుపుకున్నాడు. ఫైలుకు ఆ తెలివి లేదు. ముడి వచ్చినా పగులు వచ్చినా అది గీసిన గీత మీదే పోతుంది. ఆ లెక్కన నకలు అనే మాట యంత్రం పనికే తగుతుంది.

ప్యారిస్‌లో నోత్రదామ్ చర్చి 2019 ఏప్రిల్‌లో కాలిపోయినప్పుడు, దాని పైకప్పును ఉక్కుతో కట్టమని, కాంక్రీటుతో కట్టమని చెప్పినవాళ్ళు తక్కువేం లేరు. ఫ్రాన్స్ ఓక్ మానునే ఎంచుకుంది. ఆ దూలాల్ని వడ్రంగులు గొడ్డళ్ళతో చేత్తో చెక్కి, నడిమి యుగపు పద్ధతిలోనే కూర్చారు. 2024 డిసెంబరులో చర్చి తలుపులు తెరిచారు. యంత్రాలు లేక వాళ్ళు ఆ పని చెయ్యలేదు. చేత్తో చెక్కిన దూలం మాను పోగు వెంబడే నడుస్తుంది, బలంగా ఉంటుంది. పైగా ఆ విద్య చేతుల్లో ఉండాలంటే చేతులకు పని ఉండాలని వాళ్ళకు తెలుసు.

అంత దూరం పోనక్కర్లేదు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. అప్పుడూ ఇదే మాట విన్నాను, ఇంత రథం చేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారని. 2021 ఫిబ్రవరి రథసప్తమికి కొత్త టేకు రథం సిద్ధమైంది. దాన్ని ప్రారంభించిన అప్పటి ముఖ్యమంత్రి మన పులివెందుల ఎమ్మెల్యేనే. ప్రభుత్వం పని చెప్పింది, డబ్బు పెట్టింది, చేతులు దొరికాయి. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో ఇప్పటికీ కొయ్య విగ్రహాలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో కొయ్య చెక్కడం నేర్పుతున్నారు. వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి అయిన కందిమల్లాయపల్లె మన జిల్లాలోదే. విశ్వబ్రాహ్మణులు ఏటా ఎంతమంది అక్కడికి వస్తారో వెళ్ళి చూడవచ్చు. వాళ్ళలో ఉలి పట్టగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇప్పుడు వాళ్ళు మాడ్యులర్ కిచెన్లకు ప్లైవుడ్ కోస్తున్నారు, ఎందుకంటే అడిగేది అదే. 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగికి 15,000 రూపాయల పనిముట్లు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నారు. మంచిదే. కానీ ఉలి ఇచ్చినంత మాత్రాన చెక్కే పని రాదు. అప్పు తీర్చడానికి అతను మళ్ళీ ప్లైవుడ్డే కోయాలి.

మాను లేదనే వాదం కూడా ఉంది. ఎర్రచందనం మన శేషాచలం, లంకమల కొండల్లోదే అయినా అనుమతి లేకుండా ముట్టుకునే వీల్లేదు, అది సబబే. అయితే వాకిలి చెక్కడానికి ఎర్రచందనమే కావాలని ఎవరన్నారు? పైన చెప్పిన జమ్మలమడుగు వాకిలి వేపమాను. పొలం గట్ల మీద వేప ఉంది. బాగా ఆరబెట్టిన వేపకు పురుగు తొందరగా రాదు, ఉలికి లొంగుతుంది. ఆఫ్రికా టేకు కోసం డిపోలో క్యూ కట్టేవాళ్ళు ఒక్కసారి తమ పొలం వైపు చూసుకుంటే చాలు.

అన్నిటికన్నా నాకు ఆందోళన కలిగించేది వేరే ఉంది. పెన్నా మీద గండికోట రిజర్వాయరు నిండినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు మునిగాయి. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఎవరైనా ముందు ఊడదీసుకునేది వాకిళ్ళూ దూలాలే. గోడను వదిలేస్తారు, మానును వదలరు. అలా ట్రాక్టర్లెక్కిన వాకిళ్ళలో కొన్ని కొత్త ఇళ్ళకు చేరతాయి, కొన్ని పాత సామాన్ల వ్యాపారులకు పోతాయి, అక్కడినుంచి ఏ బెంగళూరు హోటల్ గోడకో అలంకారమవుతాయి. మునగని ఊళ్ళలోనూ మిద్దె పడగొట్టిన ప్రతిసారీ జరిగేది ఇదే. అవి పోయాక మన ఆచారికి చూసి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. జైపూర్‌లో ఇంజినీరు స్వింటన్ జాకబ్ 1890 నుంచి పాత కట్టడాల తలుపులు, తోరణాలు, బ్రాకెట్లు కొలిచి గీయించి పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చు వేయించాడు, పనివాళ్ళు ముందర పెట్టుకొని వాడుకోవడానికి. మన మూడు ఊళ్ళ మిద్దెలకు అలాంటి పని జరగాలి. కడపలో 2020లో పెట్టిన వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. దాని విద్యార్థులు కొలతల టేపులు పట్టుకొని జమ్మలమడుగు వీధుల్లోకి దిగితే, ఇంకా నిలిచి ఉన్న వాకిళ్ళు కాగితం మీదికైనా ఎక్కుతాయి. ఆ కాగితాలు ఆచారి చేతికి అందాలి, గ్రంథాలయం బీరువాకు మాత్రమే కాదు.

2024లో గండికోట అభివృద్ధికి కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ కోట ముఖద్వారానికి ఇనుపరేకులూ ముళ్ళూ తాపడం చేసిన కొయ్య తలుపులున్నాయి. లోపల మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామియా మసీదు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అంత సంపద పక్కన కట్టే కొత్త కట్టడాలకు ఫైబర్ తోరణాలు, మిషన్ నెమళ్ళు పెడితే అది క్షమించరాని పని. అక్కడి ప్రతి వాకిలీ జిల్లా ఆచార్లతో చెక్కించాలని టెండరులోనే రాయాలి. ఒక్క షరతుతో ఎంతమంది చేతికి పని దొరుకుతుందో అధికారులు లెక్క వేసుకోవాలి.

ఆలస్యం మాట మిగిలింది. ఆచారి నెలలు తిప్పుతాడనేవాళ్ళు పని ఎప్పుడు చెబుతున్నారో గమనించాను. గోడలు లేచి, స్లాబు పడి, రంగులు వేసేవాడు వచ్చి నిలబడ్డాక, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నాక అప్పుడు ఆచారి ఇంటికి పోతారు. ఆ గడువులో ఎవరూ చెక్కలేరు. పునాది తవ్విన వారంలోనే పోయి మాను చూపించి బయానా ఇవ్వండి. పడసాల కొలతలు, ఎండ ఏ పక్కనుంచి పడుతుందో, పైపట్టె నడుమ గజలక్ష్మి కావాలా పూర్ణకుంభం కావాలా, నిలువు పట్టెలు నిండా కావాలా, అడుగున ఒక్క కుంభం చాలా అన్నీ ఆయనతో కూర్చొని మాట్లాడండి. ముందు మాను ఆరాలి, తర్వాత పట్టెలు చిత్రిక పట్టాలి, ఆ తర్వాతే ఉలి. మీ ఇంటికి స్లాబు పడేనాటికి ఆచారి ఆకుల దాకా వచ్చి ఉంటాడు.